అలర్జీ పరీక్ష కోసం గుర్రానికి మందులు ఆపాలా, వద్దా?

మొయినాబాద్ సవారీ:
మా మార్వాడీ ఆడగుర్రానికి వానలు మొదలయ్యాయంటే చాలు, జూలు కింద, తోక మీద దురద పట్టుకుంటుంది. స్తంభానికి రుద్దుకుని రుద్దుకుని తోక మొదలంతా బోడి అయిపోయింది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, సిట్రిజిన్ అనే యాంటీహిస్టమిన్ ఇస్తుంటే కాస్త నెమ్మదిస్తోంది. ఏ పురుగు పడట్లేదో, ఏ దుమ్ము పడట్లేదో చర్మ పరీక్షతో తేల్చుకుందామంటే, ముందు ఆ రెండూ ఆపమని డాక్టరు గారు చెప్పారు. నోరులేని జీవాన్ని వారాల తరబడి గోక్కుంటూ ఉండమని వదిలేయడం నాకు న్యాయంగా అనిపించట్లేదు. రక్తం తీసి పంపితే చాలు, ఏ మందూ ఆపక్కర్లేదని కొందరంటున్నారు. నా మటుకు నేను ఆపకూడదనే అంటాను. మీరేమంటారు?

తెనాలి పశువైద్యుడు:
చర్మ పరీక్షే చేయించేటట్టయితే ఆపాల్సిందేనండి. ఎందుకో చెప్తాను. మెడ పక్కన వెంట్రుకలు కత్తిరించి, ఒక్కో అలర్జెన్‌ని, అంటే అలర్జీ తెప్పించే పదార్థాన్ని, చుక్కంత చర్మం పొరలోకి ఎక్కిస్తాం. పావుగంట, అరగంటకి ఒకసారి, నాలుగు నుంచి ఆరు గంటలకి ఇంకోసారి, మర్నాడు మరోసారి చూస్తాం. పడనిది పడిన చోట దద్దురు లేస్తుంది. దాన్ని లేపేది ముఖ్యంగా చర్మంలో ఉండే మాస్ట్ కణాలనే అలర్జీ కణాలు వదిలే హిస్టమిన్ అనే రసాయనం. సిట్రిజిన్, హైడ్రాక్సిజిన్ చేసే పనే ఆ హిస్టమిన్‌ని అడ్డుకోవడం. మందు ఎంత బాగా పనిచేస్తే పరీక్ష అంత తప్పు చెబుతుంది. స్టెరాయిడ్ అయితే గంటల తర్వాత వచ్చే వాపుల్ని కూడా అణిచేస్తుంది. పురుగుల అలర్జీలో ఆ ఆలస్యపు వాపులు మాకు చాలా ముఖ్యం.

మామూలుగా పాటించే గడువు యాంటీహిస్టమిన్లకి 7 నుంచి 14 రోజులు, నోటి స్టెరాయిడ్లకి 2 నుంచి 4 వారాలు. ట్రయామ్సినొలోన్ లాంటి ఎక్కువకాలం ఉండే స్టెరాయిడ్ ఇంజెక్షన్లయితే 6 నుంచి 8 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

పరీక్షలో ఉత్త సెలైన్ చుక్క ఒకటి, హిస్టమిన్ చుక్క ఒకటి కూడా వేస్తాం. హిస్టమిన్ వేసిన చోటే దద్దురు లేవకపోతే ఒంట్లో మందు ఇంకా ఉందని అనుమానించాలి, మిగతా చుక్కల ఫలితాన్ని నమ్మకూడదు. అక్కడ లేచింది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మనం ఎక్కించింది నేరుగా హిస్టమినే కాబట్టి, గుర్రం సొంత మాస్ట్ కణాలు స్టెరాయిడ్ నుంచి తేరుకున్నాయో లేదో ఆ చుక్క చెప్పలేదు.

మలక్‌పేట పాతకాపు:
మా నాన్న రేసు గుర్రాల దగ్గర సాయిసుగా పనిచేశారు. ఆ అనుభవంతో ఒక మాట. రేసుకి ముందు మందులు ఆపే లెక్క వేరు, ఈ లెక్క వేరు. అక్కడ రక్తంలో, మూత్రంలో మందు దొరుకుతుందా అని చూస్తారు. ఇక్కడ చూసేది చర్మం మీద ప్రభావం పోయిందా అని. "రేసు గడువు దాటింది, ఇక పర్లేదు" అనుకుని గుర్రాన్ని అలర్జీ పరీక్షకి తోలుకెళ్తే తప్పుడు ఫలితం రావచ్చు.

ఇంకోటి, కుంటుతోందని కీలులోకి వేయించిన సూది సంగతి ఎవరూ డాక్టరుకి చెప్పరు. అది కాలికి వేసింది కదా, దురదకి సంబంధం లేదనుకుంటారు. అందులో ఉండేది తరచుగా ట్రయామ్సినొలోనే, అది కీలులోనే ఉండిపోదు, రక్తంలోకీ చేరుతుంది. పుండు మీద పూసే మందులో స్టెరాయిడ్ ఉన్నా చెప్పాలి. గుర్రం కదలకుండా ఉండాలని ఏసీప్రొమజిన్ ఇచ్చినా ఇబ్బందే, దానికీ హిస్టమిన్‌ని అడ్డుకునే గుణం ఉంది. అందుకే డాక్టర్లు మత్తుకి జైలజిన్, డిటోమిడిన్ లాంటివి వాడతారు.

టెక్సాస్ తబేలా:
డాక్టరు గారూ, మీరు చెప్పిన శాస్త్రం సరైనదే, నా అభ్యంతరం అసలు ఆ పరీక్ష ఎందుకన్నది. ఏ అలర్జీ లక్షణమూ లేని గుర్రాల్లో కూడా చర్మం మీద దద్దుర్లు లేస్తాయి, రక్తంలో ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ కనిపిస్తుంది. అంటే జబ్బు ఉందో లేదో పరీక్ష చెప్పదు. జబ్బుని తేల్చేది లక్షణాలు, కాలం, మిగతా కారణాలు కాదని నిర్ధారించుకోవడం. వానాకాలంలో వచ్చి, జూలూ తోకా పట్టుకుని, చలికి తగ్గిపోతోందంటే ముందు అనుమానించాల్సింది కూలికాయిడ్స్ అనే నలకంత కుట్టే దోమల్నే. ఐస్‌లాండ్‌లో పుట్టి ఈ దోమలున్న దేశాలకి వెళ్లిన గుర్రాల్లో ఈ జబ్బు ఎంత ఎక్కువో అందరికీ తెలుసు. ఈ జబ్బుకి దోమని తప్పించడమే వైద్యంలో మొదటి మెట్టు.

పరీక్ష పనికొచ్చేది ప్రధానంగా డీసెన్సిటైజేషన్ ఇంజెక్షన్లలో, అంటే పడనిదాన్నే కొద్దికొద్దిగా ఎక్కించి ఒంటికి అలవాటు చేసేవాటిలో, ఏం కలపాలో ఎంచుకోవడానికే. వాటి ఫలితం తేలడానికి ఏడాది దాకా పట్టొచ్చు, అందులోనూ దోమల అలర్జీకి ఫలితాలు అంత నికరంగా లేవు. ఆ ఇంజెక్షన్లు వేయించే ఉద్దేశమే లేనప్పుడు మందులు ఆపి గుర్రాన్ని బాధపెట్టడం దేనికి?

తెనాలి పశువైద్యుడు:
ఆఖరి మాటతో నాకు పేచీ లేదు. ఇంజెక్షన్లు వద్దనుకుంటే పరీక్షా వద్దు. కానీ ప్రతి వానాకాలం స్టెరాయిడ్ మీదే నెట్టుకురావడం కూడా గుర్రానికి మంచిది కాదండి. లామినైటిస్ అనే గిట్ట లోపలి వాపు జబ్బు భయం ఉంది, గిట్ట దెబ్బతింటే గుర్రం నిలబడటమే కష్టం. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ అవసరమయ్యేలా ఉంటే ఇంజెక్షన్ల దారి ఆలోచించాలి, అప్పుడు పరీక్ష సరిగ్గా చేయాలి.

రక్త పరీక్ష గురించి అడిగారు. యాంటీహిస్టమిన్ దాన్ని పెద్దగా మార్చదు, ఎందుకంటే రక్తంలో ఐజీఈ ఎంతుందో కొలుస్తారు తప్ప దద్దురు చూడరు. కొద్దిరోజుల స్టెరాయిడ్‌తోనూ తేడా తక్కువ. ఎక్కువకాలం, ఎక్కువ మోతాదులో వాడి ఉంటే నాకు నమ్మకం చాలదు. ఒకే గుర్రానికి రెండు ల్యాబుల్లో రెండు రకాల ఫలితాలు రావడమూ ఉంది. తిండి అలర్జీకైతే చర్మ పరీక్షా, రక్త పరీక్షా రెండూ నమ్మదగినవి కావు. మేత మార్చి చూడాల్సిందే.

దురద మంచి ఊపులో ఉన్నప్పుడు ఆపమని నేననను. ఆ దోమలకి ఎగిరే బలం తక్కువ, గట్టిగా ఫ్యాను తిరిగే చోట నిలవలేవు. తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు గుర్రాన్ని లోపల ఉంచండి. బురద, తడి పేడ ఎప్పటికప్పుడు తీసేయించండి. వానలు తగ్గి దురద దానంతట అది నెమ్మదించాక మీ డాక్టరు చెప్పినట్టు స్టెరాయిడ్ మోతాదు దించుకుంటూ ఆపి, గడువు నిండగానే పరీక్ష చేయించండి. మరీ ఆలస్యం చేస్తే చర్మం స్పందన కూడా తగ్గిపోవచ్చు.

మొయినాబాద్ సవారీ:
కీలు సూది మాట చదివి పాత చీటీలు తీశాను. వేసవిలో వెనక కాలికి వేయించిన దాంట్లో ట్రయామ్సినొలోన్ ఉంది, ఆ చీటీ డాక్టరు గారికి చూపిస్తాను. వానలు తగ్గేదాకా మందులు ఆపను. ఈలోగా శాలలో ఫ్యాన్లు పెట్టిస్తున్నాను. వాటితోనే దురద సగానికి దిగితే టెక్సాస్ వారు చెప్పినట్టు పరీక్షే మానేస్తాను. దిగకపోతే అప్పుడు ఆపుతాను, ఇంజెక్షన్లకి కూడా సిద్ధపడే ఆపుతాను.

టెక్సాస్ తబేలా:
ఫ్యాన్లతో పాటు తోక దాకా కప్పే సన్న వల దుప్పటి కూడా వేయించండి. వల కళ్లు మామూలు దోమతెరకన్నా సన్నగా ఉండాలి, లేకపోతే ఇవి దూరిపోతాయి.