ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇరుక్కున్నాం, ఏం అడగాలి?

ప్రశ్న: రాత్రి ఫ్లైట్ పొద్దున్నకి మారిందట. కౌంటర్లో ఒక్కరే ఉన్నారు, క్యూ కదలట్లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఒకటే టెన్షన్.

జవాబు: ముందు భోజనం, హోటల్ అడగండి. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన ప్రకారం, వాతావరణం వల్ల ఆగినా సరే ఇవ్వాల్సిందే. గమ్యానికి 3 గంటలు దాటి లేటైతే దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల పరిహారం. ఇది మాత్రం వాతావరణమైతే రాదు. మామూలు సాంకేతిక లోపమైతే వస్తుంది. అడక్కపోతే ఎవరూ చెప్పరు లెండి.

మరో జవాబు: షెంగెన్ వీసా (జర్మనీతో పాటు చాలా యూరప్ దేశాల్లోకి వెళ్లనిచ్చే వీసా) ఉందా అండీ? లేకపోతే బయటి హోటల్‌కి వదలకపోవచ్చు, లోపలే పడుకునే ఏర్పాటు అడగండి. ఆలస్యానికి కారణం రాయించుకోండి. బోర్డింగ్ పాస్, తిండి బిల్లులు పారేయకండి.

ప్రశ్న అడిగినవారు: వీసా లేదండీ. లోపలే మడత మంచాలు, దుప్పట్లు ఇచ్చారు. అమ్మ పడుకుంది.