రెండు సూదుల కుట్టు వెనకవైపు ఎందుకు కుదరడం లేదు?

నమస్కారం. తీరిక వేళల్లో తోలు పని నేర్చుకుంటూ, 2 మి.మీ. మందమున్న రెండు ముక్కలను అతికించి, మైనం పట్టించిన ఒకే దారం రెండు కొసలకూ చెరో సూది ఎక్కించి, ఒక్కో రంధ్రంలోంచి రెండు సూదులనూ ఎదురెదురుగా పంపుతూ చిన్న పర్సు కుడుతున్నాను. ముందువైపు కుట్లు గింజలు పేర్చినట్లు ఒకే వాలులో వస్తున్నాయి కానీ, వెనకవైపు మాత్రం కొన్ని వాలుగా, కొన్ని తిన్నగా పడుతున్నాయి. రంధ్రాలను 4 మి.మీ. ఎడంగల పళ్ల ఉలితో (వరుసగా రంధ్రాలు పొడిచే, ఫోర్కు లాంటి పనిముట్టు) రెండు పొరలకూ ఒకేసారి కొట్టాను. కొంత ఊడదీసి కొలిస్తే, ముందువైపు అంచుకు 3 మి.మీ. దూరంలోనే ఉన్న రంధ్రాల వరుస, వెనకవైపు చివరికి వచ్చేసరికి అంచుకు దాదాపు 4 మి.మీ. దూరానికి జరిగిపోయింది, అంటే ఉలి నిటారుగా నిలవలేదు, ఆ తప్పు నాదే. అయితే రంధ్రాలు సరిగ్గా ఉన్నచోట కూడా కుట్టు వాలు మారుతోంది కనుక, అసలు చిక్కు దారం వేసే తీరులోనే ఉందని నా అనుమానం. మొదటి సూది దాటిన తరువాత రెండో సూదిని ఒక్కోసారి ఆ దారానికి పైనుంచి, ఒక్కోసారి కిందనుంచి పంపినట్లున్నాను. ఒకసారైతే సూది దారాన్నే చీల్చుకుని పోయింది!

ఇంత మందానికి ముక్కలను విడివిడిగా రంధ్రాలు కొట్టి అతికించడం మేలా, లేక ఉలితో గుర్తులు మాత్రం వేసి, ఒక్కో రంధ్రాన్నీ ఆరెతో (తోలుకు రంధ్రం చేసే, పిడి ఉన్న మొన పనిముట్టు) పొడుచుకుంటూ కుట్టడం మేలా? రెండో సూదిని ఏ వైపు నుంచి పంపాలో, దారాన్ని ఎటు లాగి బిగించాలో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.