ఇటాలియన్ ‘పార్లెరెయ్’లో అక్షరాలు మూడా, నాలుగా?

పదచ్ఛేదం: ‘వీలుంటే మాట్లాడేవాడిని’ అనే అర్థంలో వచ్చే ఇటాలియన్ షరతు రూపం పార్లెరెయ్. పరీక్షలో దీన్ని నేను పార్-లె-రె-ఇ అని విడదీస్తే మా శిక్షణ కేంద్రంలో మార్కు కోశారు. చివర రెండు అచ్చులు స్పష్టంగా వినిపిస్తున్నప్పుడు రెండు అక్షరాలు ఎందుకు కాకూడదు? ‘మి-ఒ’ (నాది) అని విడదీస్తే ఒప్పుకుంటున్నారు కదా!

తీరవాసి: ‘మి-ఒ’లో ఊనిక (ఒత్తి పలికే బలం) ఇ మీద ఉంది కాబట్టి ఆ అచ్చులు విడిపోతాయి. పార్లెరెయ్‌లో ఊనిక ఎ మీద పడుతుంది, ఊనిక లేని ఇ దాన్ని అంటిపెట్టుకొని ఒకే అక్షరంగా పలుకుతుంది. అక్షరాలు మూడే. మార్కు కోయడం న్యాయమే.

పదచ్ఛేదం: మరి పద్యపాదం చివర వస్తే ఆ రెయ్‌నే వాళ్ల ఛందస్సు రెండుగా ఎందుకు లెక్కిస్తుంది?

తీరవాసి: పదకొండక్షరాల పాదంలో చివరి ఊనిక పదో అక్షరం మీద పడాలి గనుక. రె పదోది, ఇ పదకొండోది అవుతాయి. పాదం నడుమ వస్తే అది ఒక్కటే.

చదువరి: ఒక్క ఇ కోసం ఇంత రభసా?

పాదొవావాసి: అసలు ఇబ్బంది బహువచనంతో. ఇటాలియన్ మాటల్లో ఎక్కువ వాటికి ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. ఆ అలవాటుతో మనవాళ్లు ‘వాళ్లు మాట్లాడేవాళ్లు’ అనే రూపాన్ని బె మీద ఊని ‘పార్లెరెబ్బేరొ’ అంటారు. క్రియ మూలరూపానికి ‘కలిగి ఉండు’ అనే క్రియ భూతకాల రూపం అతుక్కుని ఈ రూపాలు పుట్టాయి. ఆ భూతకాల రూపమైన ఎబ్బెరొలో ఊనిక మొదటి ఎ మీద ఉంది కాబట్టి పార్-లె-రెబ్-బె-రొలోనూ అది రెబ్ మీదే నిలిచింది. ఇక పార్లెరెమ్మొలో ద్విత్వం జారిందా, ‘మాట్లాడేవాళ్లం’ కాస్తా ‘మాట్లాడతాం’ అయిపోతుంది. ద్విత్వాలు మనకు పుట్టుకతో వచ్చినవే. నేనుండే వెనెతో ప్రాంతంలో స్థానికులే వాటిని తేల్చి పలుకుతారు.

పదచ్ఛేదం: నేను అడిగింది ఏకవచనం గురించి.

తీరవాసి: ఏకవచనమే చూద్దాం. ‘నువ్వు మాట్లాడేవాడివి’ అనే పార్లెరెస్తిని పుస్తకాలు రె-స్తి అని విరుస్తాయి, చెవికి మాత్రం అది రెస్-తి. ఊనిక ఉన్న అచ్చు ‘మాట్లాడతాం’ అనే పార్లెరేమొలో సాగుతుంది, రెస్తిలో సాగదు. మన లిపిలో ‘స్తి’ ఒకే అక్షరమైనా దాని ముందున్న రె గురువే అవుతుంది కదా.

పదచ్ఛేదం: దొరికారు! రెస్తి దగ్గర పుస్తకాన్ని తోసేసి చెవి మాట వింటారు, నా దగ్గరికి వచ్చేసరికి పుస్తకం పట్టుకుంటారు. నా చెవి చెవి కాదా?

తీరవాసి: మీరు విన్నది తెలుగు లిపిని. రెయి అని రాసుకున్నారు, రెండక్షరాలు కనిపించాయి. ఇక్కడ పుస్తకమూ చెవీ ఒకే మాట చెబుతున్నాయి.

పదచ్ఛేదం: మార్కు కోసినావిడ కూడా నాది ‘తెలుగు చెవి’ అనే అన్నారు. ప్రశ్న ఉచ్చారణ గురించా, పంక్తి చివర విరుపు గురించా అన్నది పత్రంలో లేదు. ఆ నిర్ణయం దిద్దేవారి ఇష్టానికి వదిలేసి, తప్పు మాత్రం నా చెవిదంటే ఎలా ఊరుకోవాలి?

పాదొవావాసి: విరుపు అయినా మీకు నాలుగు రావు, రె ఒక పంక్తిలో, ఇ మరో పంక్తిలో రాయడానికి నియమం ఒప్పుకోదు. ఉచ్చారణే అయితే రె-స్తి అని విరిచినవారికీ మార్కు కోయాలి. కోశారా?

పదచ్ఛేదం: లేదు, దానికి పూర్తి మార్కు ఇచ్చారు. నేను మొదటి నుంచీ అడుగుతున్నది అదే.