కాదన్న అమ్మాయి వెంట తిరగడం ప్రేమ కాదని తమ్ముడికి ఎలా నచ్చజెప్పాలి?

డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా తమ్ముడు సంక్రాంతి సెలవులకు ముందు తన క్లాసు అమ్మాయికి ప్రేమ సంగతి చెప్పాడు. ఆమె తనకు ఇష్టం లేదని స్పష్టంగా చెప్పి, అతని నంబరు బ్లాక్ చేసింది. అయినా స్నేహితుల ఫోన్ల నుంచి మెసేజ్‌లు పెడుతున్నాడు. సాయంత్రం నాలుగున్నరకు ఆమె బస్సు దిగే చోట నిలబడుతున్నాడు. ఇప్పుడు ఆమె ముందు స్టాపులోనే దిగి నడిచి వెళ్తోంది. అడిగితే, "ఇంటర్వెల్ లోపు ఏ హీరోయిన్ ఒప్పుకుంటుంది?" అంటాడు.

వెంటపడి వేధించడం నేరమని, 2013లో శిక్షాస్మృతిలో చేర్చిన 354డి సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షన్ అమల్లో ఉందని, మొదటిసారి నేరం రుజువైతేనే మూడేళ్ల వరకు జైలు పడవచ్చని చూపించాను. ఇష్టం లేకపోతే ఈపాటికి కేసు పెట్టేదని, దాన్నే ఆశగా మలుచుకున్నాడు. నాన్నగారు మందలిస్తే, పెద్దలు అడ్డుపడడమూ కథలో భాగమే అన్నట్టు పట్టుదల పెంచాడు. సినిమాలు మాన్పించడం వల్ల ప్రయోజనం లేదనుకుంటున్నాను. ప్రేమకథలు నాకూ ఇష్టమే. కానీ వాటిలో కెమెరా ఎప్పుడూ అబ్బాయి పక్కనే ఉంటుంది, అమ్మాయి పడే భయం తెర మీదికి రాదు.

చట్టం, మందలింపు రెండూ పనిచేయని ఇలాంటి కుర్రవాడి చేత వెంటపడడం మాన్పించినవారు మీలో ఉంటే, ఎవరితో, ఏమని చెప్పించారు?