పేరు అదే, అట్టమీది బొమ్మ అదే, లోపల మాత్రం కోత పెట్టిన ఆట: ఇలా ఎందుకు విడుదల చేస్తారు?

ప్రశ్న (కృష్ణలంక, విజయవాడ)

దసరా సెలవుల్లో మా అబ్బాయి ఎన్నాళ్లనుంచో అడుగుతున్న ఒక వీడియో ఆటను బీసెంట్ రోడ్డులో వాడి నింటెండో స్విచ్ అనే ఆట యంత్రం కోసం కొన్నాను. పటమటలో మా తోడల్లుడి ఇంట్లో అదే ఆటను ప్లేస్టేషన్ 4 అనే మరో యంత్రం మీద చూశాక గానీ, మాకు వచ్చిన దానిలో కథ భాగమే లేదని తెలియలేదు. పిల్లవాడు నన్నేమీ అనలేదు. డబ్బాను అటూ ఇటూ తిప్పి అక్షరం అక్షరం చదువుతుంటే నాకే మనసు కష్టపడింది. బొమ్మల నాణ్యత తగ్గిందంటే యంత్రానికి శక్తి చాలలేదని సరిపెట్టుకుంటాను, కథను తీసేయవలసిన అవసరం ఏమొచ్చింది? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

అయ్యా, మీ ఆట పేరు చెప్పలేదు కనుక అందరికీ తెలిసిన ఉదాహరణలతో చెబుతాను. ఆటలోని కథ విడిగా అతికించిన భాగం కాదు, అది ఆ ఆటను నడిపే ఇంజిన్ అనే మూల సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉంటుంది. ఫుట్‌బాల్ ఆట ఫిఫా 17 ప్లేస్టేషన్ 4లో ఫ్రాస్ట్‌బైట్ అనే ఇంజిన్‌కు మారి, 'ది జర్నీ' అనే కథను తెచ్చింది. మరుసటి ఏడాది స్విచ్‌కు వచ్చిన ఫిఫా 18ను వేరే ఇంజిన్‌తో తయారుచేశారు కనుక ఆ కథ అందులోకి రాలేదు. యంత్రం పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ, అంటే ర్యామ్, కూడా అసలైన అడ్డంకే. ప్లేస్టేషన్ 4లో 8 జీబీ ర్యామ్ ఉంటే స్విచ్‌లో 4 జీబీ, ప్లేస్టేషన్ 3లో అయితే రెండు 256 ఎంబీల భాగాలు మాత్రమే ఉన్నాయి. అందుకే 2015లో కాల్ ఆఫ్ డ్యూటీ బ్లాక్ ఆప్స్ 3 అనే యుద్ధపు ఆటను పాత యంత్రాలైన ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360లకు కథ లేకుండానే విడుదల చేశారు. అమెరికాలో ధర కూడా 10 డాలర్లు తగ్గించారు, అది న్యాయమైన పని.

జవాబు (సత్యనారాయణపురం, విజయవాడ)

పైవారు చెప్పినదాంట్లో తప్పు లేదు గానీ, నెపమంతా యంత్రం మీదకు నెట్టడాన్ని నేను ఒప్పుకోలేను. ఫిఫా 20 మొదలు 23 వరకు స్విచ్‌కు 'లెగసీ ఎడిషన్' పేరుతో వచ్చినవాటిలో జట్లు, దుస్తులు మారాయి తప్ప ఆడే తీరులో కొత్తదనం లేదు. ఫిఫా ఆటలకే కొత్త పేరుతో 2023లో వచ్చిన ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24 మాత్రం అదే స్విచ్ మీద ఫ్రాస్ట్‌బైట్‌తో నడిచింది. ఈలోగా యంత్రం ర్యామ్ పెరగలేదు. ప్రచురణకర్త ఆ పని మీద ఖర్చు పెట్టడానికి సిద్ధపడ్డాడు, అంతే తేడా. 2019లో విచర్ 3 అనే పెద్ద కథల ఆటను, రెండు అనుబంధ కథలతో సహా, బొమ్మల స్పష్టత తగ్గించుకుని స్విచ్‌లో పెట్టే 32 జీబీ కార్డులో పట్టించారు కదా! అమ్ముడుపోయే ప్రతుల సంఖ్యను ముందే లెక్కగట్టి, ఆ లెక్కకు సరిపోయేంత పనే చేయించడం వల్ల ఈ కోతలు వస్తున్నాయి. వ్యాపారానికి ఆ హక్కు ఉందనుకున్నా, ఏ భాగం లేదో డబ్బా ముందువైపునే పెద్ద అక్షరాలతో అచ్చు వేయవలసిన బాధ్యత కూడా ఉంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను మా అబ్బాయికి చదివి వినిపించాను. ఇకమీదట ఏ ఆట కొన్నా, దానిని స్విచ్ మీదనే ఆడి చూపిన వీడియోను ఇద్దరం కూర్చుని చూశాకే కొట్టుకు వెళ్తాము.