చైను లేని తొలి పెడల్ బండి, వెలాసిపీడ్: ఎవరైనా చూశారా, తొక్కారా?

ఫిజిక్స్_పంతులు
నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో ఒక హైస్కూలు. ఈసారి సైన్స్ ఫెయిర్‌కి తొలి పెడల్ సైకిల్ నమూనా చేస్తామని మా తొమ్మిదో తరగతి పిల్లలు పట్టుబట్టారు. బొమ్మల్లో చూస్తే పెడళ్ళు ముందు చక్రానికే ఉన్నాయి, చైను లేదు. దాని పేరు ఒకచోట వెలాసిపీడ్ అని, ఇంకోచోట బోన్‌షేకర్ అని ఉంది. మళ్ళీ అదే వెలాసిపీడ్ పేరుతో అసలు పెడళ్ళే లేని బండి బొమ్మ కూడా కనిపించింది. ఏది నమ్మాలి? మ్యూజియంలో చూసినవాళ్ళు, నకలు బండి తొక్కినవాళ్ళు ఉంటే రాయండి. ఎవరు ఎప్పుడు కనిపెట్టారన్నది ఎలాగోలా దొరుకుతుంది. బండి ఎలా నడిచేదన్నది ముఖ్యం నాకు.

మాన్‌హైమ్_మావయ్య
రెండు బొమ్మలూ సరైనవే మాస్టారూ. పెడళ్ళు లేనిది పుట్టింది నేనుండే ఈ ఊళ్ళోనే. కార్ల్ డ్రైస్ అనే ఆయన 1817 జూన్ 12న దీని మీద మాన్‌హైమ్ నుంచి బయల్దేరి, కాళ్ళతో నేలను తన్నుకుంటూ వెళ్ళొచ్చాడు. ఇప్పుడు రెండేళ్ళ పిల్లలకి కొంటున్నారే, పెడల్ లేని బుల్లి బండి, అచ్చం అదే పద్ధతి. మరుసటి ఏడు ఫ్రాన్స్‌లో పేటెంట్ తీసుకున్నప్పుడు దానికి వెలాసిపీడ్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో వేగం, పాదం అనే మాటలు కలిపి చేసిన పేరు. 1860ల్లో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్ళు తగిలించాక కొత్త పేరేమీ వెతక్కుండా దీన్నీ అలాగే పిలిచారు. పిల్లలు చేయబోయేది ఈ రెండో బండి.

డ్రైస్ పేరు మాత్రం ఇక్కడ పట్టాలెక్కింది. రైలు పట్టాల మీద నడిచే ట్రాలీని జర్మన్లు ద్రైజీనె అంటారు. రైళ్ళు ఆగిపోయిన పాత లైన్ల మీద పెడళ్ళున్న ద్రైజీనెలు అద్దెకిస్తారు. పిల్లలతో వెళ్ళాం, బాగానే ఉంటుంది గానీ ఎత్తు ఎక్కేటప్పుడు పెద్దవాళ్ళ పని అయిపోతుంది.

డాక్టరమ్మ_ఒంగోలు
పేరు గురించి ఒక చిన్న ముక్క. నేను ఎంబీబీఎస్ రష్యాలో చేశాను. అక్కడ మామూలు సైకిల్‌ని ఇవాళ్టికీ వెలసిపేద్ అనే అంటారు. అందరికీ తెలిసిన పనిని మళ్ళీ మొదట్నుంచి కష్టపడి చేసేవాణ్ణి "వెలసిపేద్ కనిపెడుతున్నావా" అని ఎగతాళి చేస్తారు. ఫ్రెంచివాళ్ళు దాన్ని సగానికి కోసి వెలో అంటారు. మనకి మాత్రం ఇంగ్లీషు వాళ్ళ దగ్గర్నుంచి సైకిల్ అన్న మాటే వచ్చి స్థిరపడింది.

కవెంట్రీ_కుర్రోడు
నేను తొక్కాను మాస్టారూ! ఇక్కడ పాత సైకిళ్ళ మీద పిచ్చి ఉన్నవాళ్ళు ఎక్కువ. ఒక ఆదివారం మేళాలో ఒక పెద్దాయన తను చేయించుకున్న నకలు బండి తొక్కనిచ్చారు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

ముందు బరువు. సైకిల్ అనుకుని ఒంటిచేత్తో లేపబోతే లేవదు. ఫ్రేమంతా ఇనుము, చక్రాలు కర్రవి, వాటి చుట్టూ ఇనుప పట్టా. పాతిక కిలోల పైమాటే. ఎక్కడానికి మెట్టు లేదు. పక్కన పరిగెత్తుతూ ఎగిరి సీటు మీద పడాలి. సీటు కింద ముందు నుంచి వెనక దాకా పొడుగాటి స్ప్రింగు పట్టీ ఉంటుంది కాబట్టి నడుము బతికింది.

అసలు తమాషా తొక్కేటప్పుడు. కుడి పెడల్ నొక్కితే ముందు చక్రం ఒక పక్కకి తిరగబోతుంది, ఎడమది నొక్కితే రెండో పక్కకి. ప్రతి తొక్కుడికీ హ్యాండిల్‌ని చేతుల్తో ఎదురు లాగి పట్టుకోవాలి. కాళ్ళకంటే ముందు భుజాలు నొప్పెట్టాయి. మలుపు తిరిగితే చక్రం వచ్చి తొడకి రాసుకుంటుంది. ఇక రాళ్ళు పరిచిన దారి మీదకి వెళ్ళగానే పళ్ళు టకటకలాడాయి. ఇంగ్లీషువాళ్ళు దీన్ని బోన్‌షేకర్ అని ఎందుకు తిట్టుకున్నారో అప్పుడు అర్థమైంది.

పల్లంలో ఇంకా టెన్షన్. ఫ్రీవీల్ లేదు, చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ గిర్రున తిరుగుతూనే ఉంటాయి. కాళ్ళు తీసి ముందున్న కడ్డీల మీద పెట్టుకోవాలి. బ్రేకు కావాలంటే హ్యాండిల్‌నే మెలితిప్పాలి. దానికి చుట్టుకున్న తాడు బిగిసి వెనక చక్రానికి ఒక ఇనుప చెంచాలాంటిది ఒత్తుకుంటుంది. ఇనుము మీద ఇనుము, ఎంత ఆగుతుందో మీరే ఊహించండి.

తెనాలి_సైకిల్_షాపు
తమ్ముడు చెప్పిన బాధలన్నీ మా షాపుకి వచ్చే చంటిపిల్లల మూడు చక్రాల సైకిల్‌కీ ఉన్నాయి. దాని పెడళ్ళు ఎక్కడున్నాయో చూశారా? ముందు చక్రం ఇరుసుకే. మలుపులో పిల్లాడి మోకాలికి చక్రం తగులుతుంది, వెనక నుంచి ఎవరైనా జోరుగా తోస్తే పెడళ్ళు తిరిగి చీలమండకి కొడతాయి. మాస్టారూ, మీరు ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు, ఆ బండి ఇంటింటికీ ఉంది. మూడో చక్రం ఉంది కాబట్టి పడిపోదు, అంతే తేడా.

చైను ఎందుకు కావాల్సొచ్చిందో కూడా పిల్లలకి దాంతోనే చూపించొచ్చు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒక్క చుట్టే. 36 అంగుళాల ముందు చక్రం ఉన్న పాత బండి ఒక తొక్కుడికి 2.87 మీటర్లు పోతుంది. మన 28 అంగుళాల బండి తీసుకోండి. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కి 18 అనుకుందాం. 28ని 44తో హెచ్చించి 18తో భాగిస్తే 68 చిల్లర. అంటే 68 అంగుళాల చక్రానికి నేరుగా పెడల్ బిగించి తొక్కినట్టు లెక్క. చుట్టుకి దాదాపు అయిదున్నర మీటర్లు.

చైను లేని రోజుల్లో జోరు కావాలంటే ఉన్నది ఒక్కటే దారి, ముందు చక్రాన్ని పెంచుకుంటూ పోవడం. పాత బొమ్మల్లో పే...ద్ద ముందు చక్రం, బుల్లి వెనక చక్రం ఉండే బండి అలా వచ్చిందే. అదీ మనిషి కాలు ఎంత పొడుగుంటే అంతవరకే. ఇవాళ్టికీ గేర్‌ని అంగుళాల్లో చెప్పే అలవాటు ఉంది, అది ఆ చక్రం కొలతే.

బోస్టన్_బావ
నేను ఆఫీసుకి సైకిల్ మీద వెళ్ళే దారి పేరు పియెర్ లలెమా బైక్ పాత్. ఎవరీయన అని వెతికితే ఈ కథలోనే తేలాడు. పిల్లల బండ్లు చేసే ఫ్రెంచి పనివాడు. 1865లో అమెరికా వచ్చాడు. కనెటికట్ రాష్ట్రంలో ఉంటూ పెడల్ వెలాసిపీడ్‌కి 1866 నవంబరు 20న పేటెంట్ తీసుకున్నాడు. పెడల్ బండికి దొరికిన మొదటి పేటెంట్ అదే. ఆ తరవాత ఫ్రాన్స్ వెళ్ళేసరికి అక్కడ మిషో అనే కమ్మరి పేరుతో అవే బండ్లు జోరుగా అమ్ముడవుతున్నాయి, డబ్బు పెట్టింది ఒలివియే సోదరులు. మిషో తండ్రీకొడుకులకి 1894లో వాళ్ళ సొంతూరు బార్-ల్-ద్యూక్‌లో స్మారకం కట్టారు. లలెమా అప్పటికి మూడేళ్ళ కిందటే ఇక్కడ బోస్టన్‌లో పేరూ ఊరూ లేకుండా పోయాడు. నాకు మండేది ఇక్కడే.

ఆయన తరవాత చెప్పుకున్న కథ ఒకటుంది. అన్సోనియా నుంచి డెర్బీ అనే ఊరికి తొక్కుకుంటూ వస్తుంటే పల్లంలో బండి పట్టు తప్పింది. ఎదురుగా గుర్రబ్బండిలో ఇద్దరు. వాళ్ళని తప్పించబోయి గుంటలో పడ్డాడు, వాళ్ళు బండి తోలుకుని పారిపోయారు. ఈయన లేచి సారాకొట్టుకి వెళ్తే అక్కడ ఆ ఇద్దరూ దారిలో దెయ్యాన్ని చూశామని చెప్తున్నారట. ఆ దెయ్యాన్ని నేనే అంటే నమ్మలేదట.

పాతపత్రిక
లలెమా, మిషోల కంటే ముందు స్కాట్లాండులో మాక్‌మిలన్ అనే కమ్మరి 1839లోనే పెడల్ బండి చేశాడు కదా?

బోస్టన్_బావ
ఆ మాట 1890ల్లో ఆయన బంధువు ఒకరు బయటికి తెచ్చింది అన్నా. ఆ రోజుల నాటి గట్టి ఆధారం లేదని చాలామంది చరిత్రకారులు ఒప్పుకోరు. పైగా దానిది వేరే పద్ధతి, కాళ్ళతో మీటలు ఊపితే కడ్డీలు వెనక చక్రాన్ని తిప్పడం. మాస్టారి నమూనాకి పనికిరాదు.

కవెంట్రీ_కుర్రోడు
మా ఊరి సంగతి కూడా ఒకటి. ఇక్కడ కుట్టుమిషన్ల కంపెనీ ఒకటి ఉండేది. దాని పారిస్ ఏజెంటు రౌలీ టర్నర్ ఒక వెలాసిపీడ్ పట్టుకొచ్చి, ఫ్రాన్స్ కోసం ఇక్కడ తయారుచేద్దామన్నాడు. 1869లో కంపెనీ పేరే మార్చేశారు. 1870లో ఫ్రాన్స్‌కీ ప్రష్యాకీ యుద్ధం వచ్చి ఆ బేరం దెబ్బతింటే సరుకు ఇంగ్లండులోనే అమ్ముకున్నారు. ఆ కంపెనీలో పనిచేసిన జేమ్స్ స్టార్లీయే తరవాత పెద్దచక్రం బండ్లకి పేరు తెచ్చాడు. 1885లో రెండు చక్రాలూ దాదాపు ఒకే సైజులో, చైనుతో వెనక చక్రం తిరిగే రోవర్ బండి తెచ్చింది ఆయన అన్న కొడుకో తమ్ముడి కొడుకో, జాన్ కెంప్ స్టార్లీ. ఇప్పటి సైకిళ్ళన్నీ దాని పోలికే. ఇటు వస్తే ఇక్కడి ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియంలో వరసగా చూడొచ్చు.

వడ్రంగి_మనవడు
చక్రం గురించి ఎవరూ చెప్పలేదు. కర్ర చక్రానికి ఇనుప పట్టా అంటే మన ఎడ్లబండి చక్రం పనే. పట్టాని చక్రం కంటే కాస్త చిన్నగా చేస్తారు. పిడకల మంటలో చుట్టూ ఎర్రగా కాలిస్తే సాగుతుంది, అప్పుడు పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి సుత్తులతో దిగ్గొడతారు. కర్ర భగ్గుమనే లోపు నీళ్ళు గుమ్మరించాలి. చల్లారేటప్పుడు పట్టా బిగుసుకుని కర్ర కీళ్ళన్నీ కిర్రుమంటూ దగ్గరికొస్తాయి. మా తాత ఆ చప్పుడు విని పని కుదిరిందో లేదో చెప్పేవాడు. తొలి పెడల్ బండ్ల చక్రాలు కూడా గుర్రబ్బండ్ల చక్రాలు చేసేవాళ్ళ పనితనమే. వ్యాకోచం, సంకోచం పాఠం మీకు ఉచితం మాస్టారూ.

ఇంకో తేడా. కర్ర ఆకుల చక్రంలో బరువంతా కింద ఉన్న ఆకు మీద నిలబడుతుంది. సైకిల్ పుల్లలు సన్నం, అలా నిలబడితే వంగిపోతాయి. అందుకే వాటిని లాగి బిగిస్తారు.

ఫిజిక్స్_పంతులు
అందరికీ చాలా థాంక్స్. పాత మూడు చక్రాల సైకిల్ పక్కన పెట్టి గేర్ లెక్క చూపిస్తాం. ఎడ్లబండి చక్రం మరీ పెద్దది కాబట్టి తోపుడు బండి చక్రాలు రెండు దొరికాయి, వాటితో అసలు బండి చేద్దామని చూస్తున్నాం. పిల్లలు తొక్కి చూపిస్తామంటున్నారు. ప్రమాదమా?

తెనాలి_సైకిల్_షాపు
తొక్కనివ్వండి గానీ చదును నేల మీదే, పక్కన ఇద్దరు పెద్దవాళ్ళు పరిగెత్తాలి. ముఖ్యమైంది, పెడల్ కడ్డీలు ఇరుసుకి వెల్డింగ్ చేసి వదిలేయకండి. ఇరుసు చక్రంతో కలిసి తిరగాలి కదా, మామూలు సైకిల్ హబ్బులో ఇరుసు తిరగదు, అక్కడే చాలామంది దెబ్బతింటారు. ఇరుసుని చక్రానికి గట్టిగా బిగించి, బేరింగులు ఫోర్కు కాళ్ళకి పెట్టించండి. సీటు ఎత్తు పిల్లాడి పాదం నేలకి ఆనేంతే ఉంచండి. పనికొచ్చే పాత బేరింగులు మా షాపులో ఉన్నాయి, ఇరుసు లావు ఎంతో కొలిచి ఇక్కడే రాయండి, చూసి పార్సిల్ చేస్తాను.