మోదుగు పూసింది, మే నెలలో కాన్పు: పెరట్లో ఇప్పుడు ఏమి విత్తుకోవాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. నాకు ఇప్పుడు ఏడవ నెల. మే చివరి వారంలో కాన్పు కావచ్చునని డాక్టరమ్మ చెప్పారు. మా ఇంటి వెనుక సుమారు 30 గజాల ఖాళీ స్థలం ఉంది. ఎర్ర చల్క నేల. ఇల్లు కట్టినప్పటి ఇటుక ముక్కలన్నీ ఏరివేయించాము. పోయిన ఆదివారం ములుగు వైపు వెళ్తుంటే దారిలో మోదుగు చెట్లు ఒక్క ఆకు లేకుండా కొమ్మ కొమ్మకూ పూసి కనిపించాయి. పక్కింటి మామిడి పూత పిందెలకు తిరిగింది, మా వేప రోజూ గంపెడు ఆకు రాలుస్తోంది. పొద్దున్నే ఆ ఆకు ఊడుస్తున్నప్పుడే కడుపులో బిడ్డ ఎక్కువగా కదులుతుంది. అందుకేనేమో, ఈ ఏడు కాలం మారడాన్ని ఇంతకు ముందెన్నడూ చూడనంత శ్రద్ధగా చూస్తున్నాను.

ఆకుకూరలు, బెండ, బీర, ఒక మునగ, ఒక కరివేపాకు, బిడ్డ పేరున ఒక మామిడి పెట్టాలని నా కోరిక. అయితే ఏప్రిల్ చివర జగిత్యాలలోని తల్లిగారింటికి వెళ్తే మళ్లీ ఆగస్టులోనే తిరిగి వస్తాను. మావారు ఉదయం 8 గంటలకే డ్యూటీకి వెళ్తారు. ఇవన్నీ ఇప్పుడే పెట్టవచ్చా? మట్టి పని నేను చేయవచ్చా? గేటు పక్కన పూజకు పూలిచ్చే పచ్చ గన్నేరు ఉంది, దానిని ఉంచవచ్చా?

సమాధానం (నర్సంపేట నుంచి, వ్యవసాయం)

చెల్లెమ్మా, మీరు చూసిన గుర్తులే మీకు విత్తే తేదీలు చెబుతున్నాయి. శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు ఊరకే అనలేదు; నేల వెచ్చబడితేనే బెండ గింజ సరిగా మొలుస్తుంది, చలిలో వేస్తే సగం గింజలు మట్టిలోనే మురిగిపోతాయి. వేప ఆకు రాలుస్తున్న ఈ పదిహేను రోజులే మీకు మంచి అదను. బెండ గింజలను రాత్రంతా నీళ్లలో నానబెట్టి రేపే వేసుకోండి, సుమారు 45 నుంచి 50 రోజులకు తొలి కాయ తెంపుతారు. తోటకూర నెల రోజులలోపే చేతికి వస్తుంది. మెంతికి మాత్రం ఎండ పడదు కనుక ఈ వారం దాటితే ఆ ఆశ వదులుకోండి. పుంటికూర, బచ్చలి ఎండను ఓర్చుకుంటాయి. బచ్చలి తీగ ముక్క గుచ్చినా బతుకుతుంది. ఉగాదికి వేప పూత వచ్చేసరికి మన వైపు ఎండ ముదురుతుంది, ఆ తరువాత చిన్న గింజల ఆకుకూరలు నీడ పందిరి లేకుండా నిలవవు.

బీర పెట్టవద్దని నా సలహా. అది కాపుకు వచ్చే సమయానికి మీరు జగిత్యాలలో ఉంటారు, మే ఎండలో రెండు పూటలా నీళ్లు అందకపోతే పిందె రాలిపోతుంది.

ఇక చెట్ల విషయం. ఇప్పుడు మామిడి మొక్క నాటితే దానిని మే నెల దాటించడానికే మీ ఇంటాయన సెలవులన్నీ అయిపోతాయి. గుంత మాత్రం ఏప్రిల్‌లో తవ్వించండి, మామిడికి పొడవు, వెడల్పు, లోతు మూడేసి అడుగులు. ఎండలో గుంత ఎండితే మట్టిలోని పురుగుల గుడ్లు చాలా వరకు చస్తాయి. మిరుగం (మృగశిర కార్తె) వానలు పడ్డాక మట్టి, బాగా చివికిన పశువుల పెంట, కొంత వేపపిండి కలిపి నింపి ఉంచితే, శ్రావణంలో కూడా మొక్క నాటవచ్చు. అంటే తొట్టెల వేడుక అయి, బిడ్డను ఎత్తుకుని మీరు వచ్చిన తరువాత మీ చేతులతోనే నాటుకుంటారు. నేను మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు తొందరపడి మార్చిలోనే నాటి మామిడిని ఎండబెట్టుకున్నాను, ఆ బాధ మీకు వద్దు.

సమాధానం (కాజీపేట నుంచి, నర్సుగా పనిచేస్తున్నాను)

మట్టి పని చేయవచ్చు, జాగ్రత్తలతో. అన్నిటికంటే ముఖ్యమైనది పిల్లుల సంగతి. మెత్తని మట్టి కనిపిస్తే పిల్లులు అక్కడే మలవిసర్జన చేస్తాయి, దాని ద్వారా వ్యాపించే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భంలోని బిడ్డకు హాని చేయగలదు. కాబట్టి చేతి తొడుగులు లేకుండా మట్టి ముట్టవద్దు, పని అయ్యాక గోళ్ల సందులతో సహా సబ్బుతో కడగండి, పెరటి ఆకుకూరను రెండు మూడు నీళ్లలో కడిగి బాగా ఉడికించి తినండి. మట్టిలో ధనుర్వాతం క్రిములు కూడా ఉంటాయి కనుక టీడీ టీకా పూర్తయిందో లేదో మీ కార్డులో ఒకసారి చూసుకోండి. పురుగుమందు చల్లే పని, నీళ్ల బకెట్లు మోసే పని మీవి కావు. వంగి కలుపు తీయకుండా ఎత్తు పీట మీద కూర్చుని, ఉదయం 9 గంటలలోపే ముగించండి.

తోటకూర, పాలకూరలో ఫోలేట్, ఇనుము ఉన్నాయి. నిమ్మరసం పిండుకుంటే ఆ ఇనుము ఒంటికి ఎక్కువగా పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. పెరట్లో కూర ఉంది కదా అని ఐరన్ మాత్రలు మాత్రం మానవద్దు, ఆకుకూర ఒక్కటే ఆ లోటు తీర్చలేదు.

సమాధానం (కరీంనగర్ నుంచి)

పచ్చ గన్నేరును ఉంచవద్దమ్మా. దాని ఆకు, పాలు, కాయ అన్నీ విషమే, గింజ మరీ విషం. అది గుండె కొట్టుకునే లయను దెబ్బతీస్తుంది. మీ బిడ్డ పాకడం మొదలుపెట్టేది ఎనిమిది, తొమ్మిది నెలలకు, అంటే మళ్లీ మోదుగు మొగ్గ తొడిగే రోజులకు. అప్పుడు నేల మీద ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. మీరు నరకవద్దు, పాలు చర్మానికి తగలకూడదు. నరికిన కొమ్మలను పొయ్యిలో కాల్చనివ్వవద్దు. పూజకు మందారం, నందివర్ధనం పెట్టుకోండి, రెండూ వానకాలంలో కొమ్మ గుచ్చితే వస్తాయి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఈ రోజు ఉదయం ఎత్తు పీట మీద కూర్చుని తోటకూర, మెంతి చల్లాను, అత్తమ్మ పైన పలుచగా మట్టి కప్పి నీళ్లు చిలకరించారు. బెండ గింజలు నానుతున్నాయి. టీడీ రెండవ మోతాదు పడలేదని కార్డు చూశాకే తెలిసింది, సోమవారం వెళ్తున్నాను. గన్నేరును ఆదివారం వేళ్లతో సహా తీయిస్తామని మావారు అన్నారు. మామిడి గుంతను కూడా ఆ చోటనే తవ్వించవచ్చా, లేక అక్కడి వేరు ముక్కలన్నీ ఏరివేసే దాకా ఆగాలా అన్నది నర్సంపేట అన్న చెప్పగలరు.

సమాధానం (నర్సంపేట నుంచి)

అదే చోట తవ్వించండి, కానీ వేరు ముక్క ఒక్కటీ మిగలకుండా ఏరించి, గుంతను మిరుగం దాకా తెరిచే ఉంచండి. గుంత మీద ముళ్ల కంప వేయించడం మరవకండి, మీ ఇంట్లో అత్తమ్మ తిరుగుతుంటారు.